కొరూ తాత మోకాలు

మా కొరూ తాతకి మోకాలు నొప్పి. అది జబ్బు కాదు, వేళాపాళా లేని అలవాటు. గుంపంతా చకచకా నడుస్తుంటే ఉన్నట్టుండి "అమ్మో, నా మోకాలు!" అని చతికిలబడేవాడు. అందరికంటే పెద్దవాడు కూర్చుంటే అందరూ కూర్చోవాల్సిందే, అది మా కట్టుబాటు. ఇంకెవరైనా "ఆగండి" అన్నారో, మళ్లీ వానలొచ్చేదాకా మంట చుట్టూ వాళ్ల మీదే నవ్వులు. అందుకే కాలు బెణికినా ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు.

గుంపులో నెరిసిన తల తాతదొక్కటే. మిగతావాళ్లకి నెరిసే తీరిక దొరికేది కాదు. ఒకణ్ణి సింహం, ఒకణ్ణి జ్వరం, మా మామని "ఈ దున్న సంగతి నేనొక్కణ్ణే చూస్తా" అన్న సొంత మాట పొట్టన పెట్టుకున్నాయి.

"తాతా, నిన్న ఎడమ మోకాలన్నావుగా?" అనేవాణ్ణి.

"ఎడమది నిన్న బాగా కష్టపడిందిరా. ఇవాళ కుడిదాని వంతు."

ఓసారి ఖడ్గమృగం తరిమితే అందరికంటే ముందు చెట్టెక్కింది ఆయనే.

"మోకాలెలా ఉంది తాతా?" కింది కొమ్మ నుంచి అరిచాను.

"భయంతో నొప్పి మరిచిపోయింది, పాపం!"

ఒక ఏడు వాగు ఎండిపోయింది. దూరపు మడుగుకి బయలుదేరాం. నిప్పుకోడి గుడ్డు డొల్లల్లో నీళ్లు అడుగంటాయి. నా భార్య నేషాకి నెలలు నిండాయి. అదే అదనుగా తాత మోకాలు రెచ్చిపోయింది. నాలుగడుగులు వేస్తే చాలు, చతికిల.

వేటగాళ్ల పెద్ద బాడు మండిపడ్డాడు. "ముసలాణ్ణి ఇక్కడే వదిలేద్దాం! ఈయన మోకాలి కోసం అందరం ఎండి చావాలా?"

"వదిలెయ్యరా నాయనా," అన్నాడు తాత. "కాసేపు కూర్చుని వదిలెయ్యి."

వెనక నుంచి నేషా, నడుం పట్టుకుని, రొప్పుతూ వచ్చింది. "బాడన్నా, నీ పాదంలో ముల్లు విరిగి చీము పట్టిన ఏడాది గుర్తుందా? అప్పుడీ మోకాలు ఎంత గోల పెట్టింది?"

బాడు తన పాదం కేసి చూసుకున్నాడు. నేషా పొట్ట కేసి చూశాడు. తాత కేసి మాత్రం చూడలేకపోయాడు. మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"అబ్బ... నాకూ ఎందుకో మోకాలు..."

"ఏది?" తాత గబుక్కున అడిగాడు.

"ఎడమది."

"కుడిదని చెప్పరా. ఇవాళ ఎడమది నాది!"

ఆ కూర్చున్నచోటే, పొద్దు వాలే వేళకి, నా కూతురు సిము పుట్టింది. తెల్లారేసరికి నాలుకలు పిడచకట్టి మడుగు చేరాం. అందరం చేరాం.

తాత ఏ మృగానికీ దొరక్కుండా నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత బాడూ పోయాడు. ఇప్పుడు నేను నడివయసువాణ్ణి, అంటే గుంపులో అందరికంటే పెద్దవాణ్ణి. నిన్న బాడు కొడుకు పెదవి కొరుక్కుంటూ, ఎవరికీ తెలియకుండా కుంటుతున్నాడు.

"అమ్మో, నా మోకాలు!" అని చతికిలబడ్డాను.

సిము నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏ మోకాలు నాన్నా?"

తడబడ్డాను. అన్నీ నేర్చుకున్నాను కానీ, మొన్న ఏది చెప్పానో గుర్తుపెట్టుకోవడం నేర్చుకోలేదు.