మైపాడు సముద్రం ఖాళీగా కనిపించిన రోజు

నిన్న పొద్దున పాలు పొయ్యి మీద పెట్టాను. శీనయ్య తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్.

"అక్కా, అన్న లేస్తా లేడక్కా."

నిద్ర పట్టేసి ఉంటుంది, ఇంకోసారి లేపరా అన్నాను. అవతల ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది. పాలు పొంగి పొయ్యంతా పోతున్నా చూస్తూనే నిలబడ్డాను.

మా శీనయ్య లేడు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా ఏదో బగ్ గురించి నాతో పోట్లాడాడు. ఆ పోట్లాట ఇంకా తేలనే లేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. శీనయ్య, నేను ఇంటర్ క్లాస్‌మేట్స్. మాది తోటపల్లి గూడూరు, వాళ్లది మైపాడు. తర్వాత ఇద్దరం ఒకే చిన్న కంపెనీలో చేరాం. మాది ఫిట్‌నెస్ యాప్. మీకు కనిపించే స్క్రీన్లు నావి. చేతికి కట్టుకున్న బ్యాండ్ పంపే డేటాను తీసుకుని, పనికొచ్చేది ఉంచి, పనికిరానిది తీసేసి, మీరు ఏం చేశారో చెప్పే బ్యాకెండ్ అంతా వాడిది.

యాప్ బాగుందంటే పొగడ్తలు నాకు. పని చేయకపోతే తిట్లు వాడికి.

నిన్న మా కాలేజీ గ్రూప్‌లో ఒక మహానుభావుడు "ఫిట్‌నెస్ యాప్ చేసినోడికే హార్ట్ ఎటాకా" అని రాసి నవ్వే బొమ్మ పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. అందుకే ఏడుస్తూనే ఇది రాస్తున్నాను.

బాబూ, విను. శీనయ్యకు చిన్నప్పుడే జ్వరం వచ్చి గుండె వాల్వ్ దెబ్బతింది.

వాళ్లింట్లో మగవాళ్లంతా సముద్రంలో చేపల వేటకు పోయేవాళ్లే. వాళ్ల నాయన పోలయ్య మామ మాత్రం వీడిని పడవ ఎక్కనివ్వలేదు. నా మీద ఒట్టు అని కట్టేశాడు. ఇంక ఏం చేస్తాడు? ఒడ్డున కూర్చుని, పడవలు చిన్నవై చిన్నవై కనిపించకుండా పోయేదాకా చూసేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి సముద్రంలోకి పోవాలని వాడికి ఎంత ఉండేదో నాకు తెలుసు.

యాప్ కొత్తలో మామ చేతికి బ్యాండ్ కట్టి వేటకు పంపాడు.

మామ ఎండెక్కాక తిరిగొచ్చాడు. వల లాగి లాగి భుజాలు పట్టేశాయి. ఫోన్ తెరిస్తే మా యాప్ ఏమందో తెలుసా?

"ఈరోజు మీరు అస్సలు కదల్లేదు! కాస్త లేచి నడవండి!"

మామ ఫోన్ వైపు ఎగాదిగా చూసి, "ఏందబ్బయ్యా, ఇది నన్ను సోమరిపోతంటా ఉండాది?" అన్నాడు.

రేవులో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. శీనయ్య నవ్వలేదు.

ఎందుకంటే తప్పు ఎక్కడుందో వాడికి అప్పుడే తెలిసిపోయింది. సముద్రం మీద నుంచి వచ్చే పాయింట్లన్నీ జీపీఎస్ పొరపాట్లని మా బ్యాకెండ్ తీసి పారేస్తోంది. నీళ్ల మీద మనిషి ఉండడని రూల్. ఆ రూల్ రాసింది ఎవరో కాదు, వేటగాడి కొడుకు శీనయ్యే. ఆఫీసులో కూర్చుంటే వాడికీ సొంత నాయన గుర్తు రాలేదు. ఆ మాట వాడే నాతో అని చాలా బాధపడ్డాడు.

రూల్ మార్చాలంటే మేనేజర్ ఒప్పుకోలేదు.

"సముద్రం మీద ఎవరు తిరుగుతారు శ్రీనూ? వదిలెయ్."

"మా నాయన తిరుగుతాడు సార్."

అంతే అన్నాడు. మేనేజర్ ఇంక కాదనలేక రూల్ మార్చుకోమన్నాడు.

తర్వాత వాడు మైపాడుకే మకాం మార్చేశాడు. అక్కడి వాళ్లందరి చేతులకూ బ్యాండ్లు కట్టాడు. ఇది వల లాగడం, ఇది తెడ్డు వేయడం, ఇది ఊరికే కూర్చుని బీడీ కాల్చడం అని బ్యాకెండ్‌కు ఒక్కొక్కటే నేర్పాడు. పిల్లలకు పలక మీద దిద్దించినట్టే.

ఒక మధ్యాహ్నం చూద్దామని వెళ్లాను.

ఒడ్డుకు లాగిన పడవ నీడలో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా సముద్రం. స్క్రీన్ మీదా సముద్రమే, లేత నీలంగా. దాని మీద బ్యాండ్లు కట్టుకున్నవాళ్ల చుక్కలు మెల్లగా, ఎంతో మెల్లగా జరుగుతున్నాయి. గాలికి నాకు కళ్లు మూతలు పడ్డాయి. కాసేపు ఏ సముద్రాన్ని చూస్తున్నానో కూడా తెలియలేదు.

"అదిగో, నాయన వల ఏసినాడు" అన్నాడు శీనయ్య నిద్రలో మాట్లాడినట్టు. "తమ్ముడు లాగతా ఉండాడు."

స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే, "నేను పోలేను గదమ్మే. నేను రాసింది పోతా ఉండాది. చాల్లే" అన్నాడు.

చాల్లే అన్నాడు గానీ, చాలలేదని ముఖం చూస్తే తెలిసిపోయింది.

నిన్న వాడిని వరండాలో పడుకోబెట్టారు. ఊరంతా అక్కడే ఉంది. ఉన్నట్టుండి వాడి ఫోన్ మోగింది.

అది వాడే పెట్టుకున్న అలారం. వేట సమయంలో సముద్రం మీద ఒక్క చుక్క కూడా కనిపించకపోతే మోగుతుంది. సర్వర్ పడిపోతే వెంటనే తెలియాలి గదా అని ఆఫీసులో చెప్పేవాడు. నీళ్ల మీదున్న నాయన కోసమని నాకు తెలుసు.

తమ్ముడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. స్క్రీన్ నిండా నీలమే.

"ఏందమ్మా అంటా ఉండాది అది?" అన్నాడు మామ.

"సముద్రం మీద ఎవరూ కనిపించడం లేదంట మామా."

"యాడ కనపడతారమ్మా? వాడిని ఇట్ట పెట్టుకోని ఎవురు పోతారు?"

వాళ్ల పాలెంలో ఎవరైనా పోతే, సాగనంపేదాకా ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు.

అలారం ఆపాలంటే కారణం టైప్ చేయాలి. అది కూడా వాడు పెట్టిందే. తెలుగులోనే కొట్టాను.

"సర్వర్ బాగానే ఉంది. శీనయ్య పోయాడు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి."

పోయిరా శీనయ్యా.

ఇక నిన్ను ఎవరూ ఒట్టేసి ఆపలేరు. ఎంత దూరం కావాలంటే అంత దూరం పో. ఆ గుండెకు ఏ నొప్పీ లేకుండా చల్లగా ఉండు.