ఆరు బీడీల అరగంట

నాగులు మేస్త్రీ కేక వేస్తే కొండ అవతల మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూస్తాయని క్వారీ కూలీలు చాటుగా నవ్వుకునేవారు. ముక్కు మీద కోపం, పైగా పట్టిన పట్టు విడవని మనిషి. అయినా ఆయన మాట ఎవరూ జవదాటేవారు కాదు. తూటాలు పెట్టి కొండను పగలగొట్టే పనిలో మేస్త్రీ మాట వినని వాడు సాయంత్రం ఇల్లు చేరడు. సాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. మాచర్ల చుట్టుపక్కల ఎంత రాయి తీసినా ఇంకా కావాలనేవారు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. అంటించిన తూటా పేలకపోతే అరగంట దాకా ఎవరూ దాని దగ్గరికి పోకూడదు, లోపల ఒత్తి ఇంకా రగులుతూ ఉండవచ్చు. మరి గడియారం లేని వాళ్లకు అరగంట ఎలా తెలుస్తుంది? పాత మేస్త్రీలు ఒక లెక్క పెట్టి పోయారు. ఒకడు దూరంగా కూర్చుని ఒకదాని వెంట ఒకటి ఆరు బీడీలు కాల్చాలి. ఆరోది అయిపోతే అరగంట అయినట్టే. నాగులుకు అదే వేదం.

రెండేళ్ల కిందట అలా ఆరు బీడీలూ అయ్యాకే నాగులు "ఇక పోరా" అన్నాడు. బావమరిది పున్నారావు గునపం పట్టుకుని వెళ్లాడు. తూటా అప్పుడు పేలింది. "అరగంట ఆగామే. వాడి రాత అంతే" అని నాగులు భార్య అంజమ్మతో చెప్పాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అంజమ్మ ఆ మాట నమ్మింది. నాగులూ నమ్మాడు. ఆ నమ్మకం మీదే ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు.

1961లో చీటీ డబ్బు చేతికొచ్చింది. ఇంజనీర్లు మాటమాటకీ మణికట్టు చూసుకోవడం చూసి నాగులుకు ఎప్పటినుంచో కడుపుమంట. తానూ ఒక గడియారం కట్టాలి, అదీ బంగారంలా మెరిసేది కట్టాలి. మాచర్ల బజారులో గడియారాలు బాగుచేసే షబ్బీర్ కొట్టుకు వెళ్లాడు.

షబ్బీర్ బల్ల మీద గుడ్డ పరిచి రెండు గడియారాలు పెట్టాడు. రెండూ స్విస్ సరుకే, రెండూ చేతులు మారినవే. ఒకటి ఏదో జమీందారుది, పలచగా, బంగారు రేకుతో ధగధగలాడుతోంది. రెండోది రిటైరైన మిలిటరీ ఆఫీసరు అమ్ముకున్నది, మందపాటి స్టీలుది, పెద్ద పెద్ద అంకెలు. ధర మాత్రం రెంటికీ ఒకటే. నాగులు బంగారుదాని మీద మనసు పారేసుకున్నాడు. అయినా అంత తేలిగ్గా బయటపడితే ఆయన నాగులెందుకవుతాడు?

"ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూడమా భాయ్? వీటినీ చూడాల్సిందే" అంటూ రెంటినీ ముందు పెట్టుకుని కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. బీడీ ముట్టించాడు. అది అయ్యాక ఇంకోటి. షబ్బీర్ ముసిముసిగా నవ్వుతూ తన పని తాను చేసుకుంటున్నాడు. ఆరో బీడీ పారేసి నాగులు గడియారాలు చూశాడు. రెంటిలోనూ పెద్దముల్లు పావుగంట దాటి కాస్త జరిగిందంతే.

"ఏంది భాయ్, పాడైన సరుకు అంటగడతావా? అరగంటైతే రెండూ పావుగంటే నడిచినయ్యి!"

షబ్బీర్ గోడ గడియారం చూపించాడు. "అదీ అంతే నడిచింది. మూడూ ఒకేసారి పాడవుతాయా మేస్త్రీ? అరగంటయిందని నీకెవరు చెప్పారు?"

"ఆరు బీడీలు..." అని నాగులు ఆగిపోయాడు.

పున్నారావు పోయిన రోజు బీడీలు కాల్చింది తనే. వాన ముంచుకొస్తోందని, పని ఆగిపోతుందని, గబగబా పీల్చాడు. ఈ పావుగంట కూడా కాలేదేమో. అరగంట ఆగామని ఏడ్చే మనిషితో చెప్పాడు. తన నోటితోనే ఆ కుర్రవాణ్ణి పొమ్మన్నాడు. కళ్ల నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఏది కట్టమంటావు?" అని షబ్బీర్ మెల్లగా అడిగాడు. బంగారుదాని మీద అంకెలు లేవు, సన్నటి గీతలే. స్టీలుదైతే చదువు రాని కూలీకి కూడా పెద్దముల్లు ఎక్కడుందో కనిపిస్తుంది. నాగులు స్టీలుది తీసుకున్నాడు.

ఇంటికి వస్తే అంజమ్మ గుమ్మంలోనే చూసింది. "బంగారుది తెస్తానంటివిగా మావా?"

ధర కుదరలేదని అంటే సరిపోయేది. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చాడు కూడా. తీరా ఆమె మొహం చూసేసరికి ఆ అబద్ధం ఆడలేకపోయాడు.

"ఆ రోజు అరగంట కాలేదే అంజమ్మా. పావుగంటన్నా అయిందో లేదో. నేనే తొందరపడి పొమ్మన్నా."

అంజమ్మ పెరట్లోకి వెళ్లి చానాసేపు రాలేదు. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

తెల్లారి నాగులు పనికి బయలుదేరుతుంటే ఆమె గడియారం తీసుకుంది. కీ ఎట్లా ఇవ్వాలో అడిగింది, ఇచ్చింది, తనే ఆయన చేతికి కట్టింది.

"ఎవరన్నా తొందర పెడితే దీన్ని చూడు. వాళ్ల మొహాలు చూడమాక."

నాగులు పని చేసినన్నాళ్లూ ఆ గడియారానికి రోజూ కీ ఇచ్చింది అంజమ్మే. తమ్ముడి పేరు మాత్రం ఆయన ముందు మళ్లీ ఎత్తలేదు.