మా వదిన గంటల లెక్క

గొప్పవాళ్ల జీవితాలు రాయడానికి ఈ లోకంలో మనుషులకు కొదవ లేదు. ఆ పుస్తకాలు చివరికి చెత్తడబ్బాలోకే వస్తాయి. నేను చదివినవన్నీ అక్కడ దొరికినవే. మా వదిన గురించి మాత్రం నేను రాయకపోతే ఎవరూ రాయరు.

ఆవిడ చెత్తబళ్ల మెకానిక్కు. నేను డ్రైవరుగా ఉన్న డిపోలో బళ్లు పదకొండు, అన్నీ ఆటోమేటిక్ గేర్లవే. క్లచ్చు తొక్కే పని లేదు కాబట్టి డ్రైవరు సుఖపడతాడు. ఆ కష్టమంతా గేర్‌బాక్సులో ఉండే ఎర్ర ఆయిల్ పడుతుంది. కొత్తలో దానిమ్మ రసంలా ఉంటుంది, వాడేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, మరీ కాలితే మాడు వాసన కొడుతుంది. దాన్ని ఎప్పుడు మార్చాలి, అసలు మార్చాలా వద్దా అన్నదాని మీద మా షెడ్డులో జరిగినన్ని గొడవలు అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో కూడా జరగవు.

వదిన ఆ షెడ్డు ఊడవడానికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ మేస్త్రీకి పానాలు అందించింది, అందిస్తూ అందిస్తూ తనే బిగించింది. తొమ్మిదేళ్లుగా మెకానిక్కు పనే చేస్తోంది. కాగితం మీద మాత్రం ఇంకా తాత్కాలిక కూలీయే. రౌండు నుంచి వచ్చిన బండి ఇంజను ఆపకముందే ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, తెల్లగుడ్డకు తుడిచి, ఆ గుడ్డను వాసన చూస్తుంది. డ్రైవర్లు ఆవిడకు 'ముక్కు డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. వెక్కిరింతగానే పెట్టారు. తమ బండి మొరాయించిన రోజు మాత్రం ఆ డాక్టరమ్మ కోసమే వరసలో నిలబడతారు.

మొన్న వేసవిలో మేస్త్రీ పదవీ విరమణ చేశాడు. ఆ ఖాళీకి వదిన పేరు వెళ్లింది. వచ్చినట్టయితే పర్మనెంటు. రాకపోతే ఇంకెన్నాళ్లు తాత్కాలికమో ఆ పైవాళ్లకే తెలియాలి. ఆవిడ పనితనం గురించి రిపోర్టు రాయాల్సినవాడు కొత్తగా వచ్చిన ఆఫీసరు. కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. కానీ రంగు పెన్సిళ్లతో చార్టు గీసుకుని వచ్చాడు. చార్టు గీసినవాడికి బండి చార్టులోనే కనిపిస్తుంది.

"ఏమ్మా, స్టోర్సులో ఎర్ర ఆయిల్ ఒక్క బండికే ఉంది. మళ్లీ వచ్చేసరికి మూడు నెలలు. ఆరో నంబరుకు మార్చెయ్" అన్నాడు.

"ఆరుకు తొందర లేదు సార్. రెండుకు కావాలి."

"రెండా? అది ఆరు తిరిగినదాంట్లో నాలుగో వంతు కూడా తిరగలేదు. చార్టు చూడు."

"చూశాను సార్. ఆరో నంబరు పెద్ద రోడ్డు మీద మంచి వేగంగా పోయి, చెత్త దించి, తిరిగొస్తుంది. దానికి గాలి తగులుతుంది. రెండో నంబరు సందుల్లో తిరుగుతుంది. పొద్దున ఐదింటికి ఇంజను వేస్తే మధ్యాహ్నం రెండుదాకా ఆగదు. నడిచేది ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు."

"నడవకపోతే అరగదు కదమ్మా."

"ఒక్కచోట నిలబెట్టి తొమ్మిది గంటలు పని చేయిస్తే మీ కాళ్లు లాగవా సార్?"

స్టోరుకీపరు నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. తనే వెళ్లి రెండు బళ్ల పుల్లలూ లాగి చూశాడు. రెండూ చల్లారి ఉన్నాయి. ఆరోదాని ఆయిల్ కాస్త నల్లగా ఉంది, రెండోదానిది గోధుమరంగులో ఉంది.

"నీ కళ్లతోనే చూడు. ఏది మార్చాలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు."

"రంగు దాని వయసు చెబుతుంది సార్. వేడి మీద వాసన చూస్తే ఆరోగ్యం తెలుస్తుంది."

"సరే. నీ మాట విని రెండో నంబరు విప్పాం అనుకో. లోపల అంతా శుభ్రంగా ఉంది అనుకో. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అవుతుంది. ఉన్న ఒక్క డబ్బా దండగ. దానికి ఎవరు జవాబుదారీ?"

"నేనే సార్. నా మాట తప్పయితే మేస్త్రీ పోస్టు నాకొద్దని రాసిస్తాను."

రాసిచ్చింది కూడా. అక్షరాలు గుండ్రంగా, తప్పుల్లేకుండా. నేను పక్కనే నిలబడి పళ్లు కొరుక్కున్నాను. తొమ్మిదేళ్ల చాకిరీని నాలుగు వాక్యాల్లో పెట్టి ఆఫీసరు చేతిలో పోసింది.

ఆ సాయంత్రం మా అన్న కుట్టుమిషను తొక్కుతూనే అడిగాడు. అన్న దర్జీ. వదిన వేసుకునే పని బట్టలు, పానాలు పట్టేలా లోతు జేబులు పెట్టి, అతనే కుడతాడు.

"'సరే సార్' అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"రెండో నంబరు పోతుంది."

"పోతే పోనీ. మీ నాన్న కొనిచ్చిన బండా?"

"దాన్ని నడిపేది మీ తమ్ముడు."

"బండి పోతే వాడికేం, ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుకుంటాడు. ఇప్పుడు మాత్రం వెలగబెడుతున్నదేంటి?"

నాకు ఒళ్లు మండింది కానీ వదిన నా వైపు చూడలేదు. చేతులకు అంటిన గ్రీజును సబ్బు పెట్టి ఒక్కో వేలే రుద్దుకుంటోంది.

"నా భయం అది కాదు" అంది. "దానికి ఆరు నెలల కిందటే మార్చాల్సింది. అప్పుడూ చెప్పాను, అప్పటి ఆఫీసరు వినలేదు. రేపు విప్పితే లోపల ఇనుపముక్కలు కనిపించాయనుకో, గేర్‌బాక్సు అప్పటికే పోయినట్టు. కొత్త ఆయిల్ పోసినా శవానికి వైద్యమే. ముందుగా విప్పినా తప్పు నాదే, ఆలస్యంగా విప్పినా తప్పు నాదే."

అన్న మిషను ఆపేశాడు. "మరి ఎందుకు రాసిచ్చావే?"

"ఎవరో ఒకరు రాయాలిగా."

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆఫీసరుకు ఇంకో మెలిక పెట్టింది. విప్పేముందు ఒక్క రౌండు ఆ బండిలో కూర్చోమంది. ఎలా ఒప్పుకున్నాడో ఒప్పుకున్నాడు. చొక్కా టక్ చేసుకుని నా పక్క సీట్లో ఎక్కాడు, ఒళ్లో నోటుబుక్కు.

సందుల్లో ఇరవై అడుగులకో ఇల్లు, ఇంటికో డబ్బా. గేరులో ఉంచి బ్రేకు మీద కాలేసి ఆపుతాను. వెనక ఇద్దరు మనుషులు డబ్బా ఎత్తి వంపుతారు, కదులుతాను, మళ్లీ ఆపుతాను. ఆపినంతసేపూ బండి ముందుకు పోదామని లాగుతూనే ఉంటుంది, లోపల ఆయిల్ గిరగిరా చిలుకుతూనే ఉంటుంది. ఆఫీసరు ఆగిన ప్రతిసారీ ఒక గీత పెట్టాడు. మొదటి గంటలో శ్రద్ధగా పెట్టాడు. రెండో గంటలో ముక్కుకు రుమాలు కట్టుకుని పెట్టాడు.

ఒక మేడ మీంచి ఒకావిడ కేకేసింది. "ఏమయ్యా, ఇవాళ ఆఫీసరుగార్ని కూడా ఎక్కించుకుపోతున్నారా? ఏ డబ్బాలో వేస్తారు?"

"పొడిచెత్తలో అమ్మా!" అన్నాడు వెనక నిలబడ్డవాడు.

ఆఫీసరు వినిపించనట్టు కూర్చున్నాడు. రెండు సందులు దాటాక ఆయనకే ఆగని నవ్వొచ్చింది. అప్పటినుంచి మనిషి కాస్త తేలికపడ్డాడు. "ఈ ముల్లు ఏంటి, ఎర్ర గీత దగ్గరికి పోతోంది?" అని వేడి చూపే మీటరు వైపు వేలు పెట్టాడు.

"రోజూ ఇంతే సార్" అన్నాను. మోసేవాడికి తెలుసు కావడి బరువు అని అనబోయి నోరు మూసుకున్నాను. రిపోర్టు నాది కాదు, వదినది.

డిపోకు వచ్చేసరికి మీటరు మీద పద్దెనిమిది కిలోమీటర్లు. ఆయన పుస్తకంలో మూడు వందల పదకొండు గీతలు. వదిన ఇంజను ఆపనివ్వలేదు. పుల్ల లాగి, గుడ్డకు తుడిచి, గుడ్డను ఆయనకే ఇచ్చింది. వాసన చూసి తల వెనక్కి లాగేసుకున్నాడు. అప్పుడే వచ్చిన ఆరో నంబరు గుడ్డ కూడా చూపించింది. నల్లగా ఉంది, కానీ ఆయిల్ వాసన తప్ప మరేం లేదు.

"కాలిన గుడ్డలా ఉందేంటమ్మా రెండోది!"

"వాసన ఒక్కటే సాక్ష్యం కాదు సార్. విప్పి చూద్దాం."

బండి కాస్త చల్లారాక ఆవిడ కిందికి దూరింది. ఆయిల్ దింపి, గేర్‌బాక్సు అడుగున పళ్లెంలా ఉండే తట్ట బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి, తట్టను రెండు చేతుల మీద దింపుకుంది. డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. కొందరు ఆవిడ గెలవాలని, కొందరు ఓడితే చూద్దామని. ఎవరు ఎందుకు వచ్చారో నాకు మొహాలు చూస్తేనే తెలిసింది. ఇప్పటికీ మరచిపోలేదు.

తట్ట అడుగున రెండు అయస్కాంతాలు ఉంటాయి. అరిగిన ఇనుము వాటికి అంటుకుంటుంది. రెండింటి మీదా బూడిదరంగు ముద్ద దట్టంగా పేరుకుంది. వదిన చేతొడుగు తీసేసింది. చిటికెడు ముద్ద తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. నలుపుతూనే ఉంది. ఆవిడ మొహంలోకి ఏమీ రాలేదు.

"మీరూ వేలు పెట్టండి సార్."

ఆయన పెట్టాడు.

"గుచ్చుకుంటోందా?"

"లేదు. మెత్తగా ఉంది. మొహానికి రాసుకునే పౌడరులా."

"అయితే ఇనుము ఇంకా తెగలేదు." అప్పుడు ఫిల్టరు తీసి వెలుతురులో పట్టింది. మడతల్లో నల్లటి పొలుసులు. "ఇవి లోపలి ప్లేట్ల మీది పొర సార్. రాలడం మొదలైంది. ఇంకో మూడు నెలలు ఇలాగే తిప్పితే గేరు పట్టకుండా జారిపోయేది."

"అంటే?"

"అంటే సరైన సమయానికే వచ్చాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆరో నంబరు డ్రైవరు మాత్రం తన నీళ్లసీసా తెచ్చి వదిన చేతికిచ్చాడు. ఆఫీసరు తన వేలికి అంటిన బూడిదను చాలాసేపు చూసుకున్నాడు.

"పాత ఆయిల్ అంతా వచ్చినట్టేనా?" అని అడిగాడు. చార్టు లేకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"సగమే వస్తుంది సార్. తక్కినది లోపలి మూలల్లో ఉండిపోతుంది. ఆరో దానికి మార్చినా డబ్బాలో సగం మిగిలేది, దీనికీ మిగులుతుంది. అది దాచి, నెల తిరిగాక మళ్లీ దింపి పోస్తాను. యంత్రం పెట్టి ఒక్కసారే కడిగేయమంటారు కొందరు. ఇంత పాతబడ్డదాన్ని అలా కడిగితే, కదలకూడని మడ్డి కదిలి సన్న దారుల్లో ఇరుక్కుంటుంది."

వారం తర్వాత నోటీసు బోర్డు మీద సర్క్యులర్ పడింది. ఇకనుంచి కిలోమీటర్లతో పాటు ఇంజను నడిచిన గంటలు కూడా రాయాలి, ఆయిల్ మార్పు ఆ గంటల ప్రకారం జరగాలి, ఇది ఆఫీసరుగారి వినూత్న ఆలోచన. చదివి నా రక్తం ఉడికింది. ఆ గంటలన్నీ మూడేళ్లుగా వదిన తన పాత నోటుబుక్కులో రాసుకుంటున్నవే.

"ఆలోచన నీది, పేరు వాడిదా? వెళ్లి అడుగు వదినా!"

"ఆయిల్ మారుతుందా లేదా?"

"మారుతుంది."

"మరి బండికి చదువు రాదులే, ఎవరి పేరుందో చూసుకోవడానికి."

ఆ మాటకు ఇప్పటికీ నేను ఒప్పుకోను. కానీ స్టోరుకీపరు రహస్యంగా చూపించిన రిపోర్టు గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ సర్క్యులర్ రాసినవాడిలాంటివాడినే అవుతాను. అందులో పనితనం అన్న గడిలో ఆఫీసరు తన చేత్తో ఒకే వాక్యం రాశాడు: 'ఈమె చెప్పినప్పుడు వినడం మంచిది.' వదిన రాసిచ్చిన కాగితాన్ని దానికి జతచేయలేదు. చింపేశాడట.

ఆర్డరు వచ్చింది. మా వదిన ఇప్పుడు మేస్త్రీ, పర్మనెంటు. సంతకం పెట్టే అధికారం ఉన్న కుర్చీలో కూర్చున్న మొదటి రోజే నేను దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. నన్ను రెండో నంబరు నుంచి ఆరో నంబరుకు మార్చమని. పెద్ద రోడ్డు, గాలి, ఇరవై అడుగులకోసారి బ్రేకు తొక్కే పని లేదు. సొంత వదిన, కాదంటుందా?

ఆవిడ దరఖాస్తు పూర్తిగా చదివింది. నోటుబుక్కు తీసింది, పేజీ తిప్పింది.

"మరిదిగారూ, మీకన్నా ఎక్కువ గంటలు సందుల్లో తిరిగినవాళ్లు నలుగురున్నారు. వాళ్ల తర్వాత మీ వంతు."

"వదినా!"

"ఇక్కడ మేస్త్రీగారూ అనాలి. తర్వాతివాణ్ని రమ్మనండి."

మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాలుగో రోజు సందులో బండి ఆపినప్పుడు, మేడ మీది ఆవిడ "మీ బండి ఈమధ్య కుదుపు లేకుండా పోతోంది, కొత్తదా?" అని అడిగింది.

"పాతదేనండీ. మా వదిన చూస్తుంది" అన్నాను. వెనక ఉన్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా అన్నాను.