రెండు నిమిషాల వందన సమర్పణ

భవానీప్రసాద్‌గారికి షుగరు లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా వందన సమర్పణ. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఎక్కడ నాలుగు కుర్చీలు వేసి మైకు పెట్టినా, చివర్లో లేచి అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పందే ఆయనకి అన్నం సయించదు. ఆయన మొదలుపెట్టాక మనకీ సయించదు, ఎందుకంటే ఈలోగా అది చల్లారిపోతుంది.

ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ రూట్లో ఆయనకి పేరు తెలియని మనిషి లేడు. ఆ పేర్లన్నీ కడుపులో నిల్వ ఉండిపోయి, మైకు కనబడగానే బయటికి తన్నుకొస్తాయని మా అనుమానం.

వత్సవాయిలో ఒక పెళ్ళికి వెళ్ళి, పంతులుగారికీ, సన్నాయి మేళానికీ, వంటమేస్త్రికీ చెప్పడం అయ్యాక ఆగారా? లేదు.

"అలాగే, ఈ పిల్లని ముందు చూసి, వద్దని వెళ్ళిపోయిన చెవిటికల్లు సంబంధం వారికి ప్రత్యేక ధన్యవాదాలు. వారు వద్దనబట్టే కదండీ, ఇవాళ మనకు ఈ భోజనం!"

పెళ్ళికూతురి తండ్రి పరిగెత్తుకొచ్చి మైకు లాక్కున్నాడు. "మైకు బరువు దించినందుకు వీరికి కూడా" అని ఆయన మైకు లేకుండానే పూర్తి చేశారు.

ఇంట్లోనూ అంతే. గుత్తివంకాయ తిని, వండిన భారతీదేవిగారితో మొదలుపెట్టి, వంకాయలమ్మిన మనిషి మీదుగా గ్యాసుబండ మోసుకొచ్చినవాడి దాకా వెళ్తారు. "ముందు చెయ్యి కడుక్కోండి, ఎండిపోతోంది" అంటారావిడ.

నా పేరు రాంబాబు. నందిగామలో 'మునేరు విజన్' అనే లోకల్ కేబుల్ ఛానల్లో సౌండు చూస్తాను, టైటిల్స్ వేస్తాను. మా ఎండీ కిషోర్‌బాబుగారికి నిరుడు ఒక ఆలోచన వచ్చింది.

"మన చుట్టుపక్కల యూట్యూబ్ పాట తియ్యని వీధి లేదురా. మ్యూజిక్ వీడియో అవార్డులు ఇద్దాం. లైవ్‌లో!"

మొదటి బహుమతి మా ఛానల్ తీసిన పత్తిచేను పాటకేనని అందరికీ ముందే తెలుసు. అందులో ఎండీగారి మేనకోడలు నీహారిక పత్తిచేలో చక్కగా ఆడింది. 'గానం: నీహారిక' అని టైటిల్ వేసింది నేనే. పాడింది మాత్రం జాకియా. చిల్లకల్లు అమ్మాయి, మా ఆఫీసులో ఫోన్లెత్తి "మీ కంప్లైంట్ రాసుకున్నామండీ" అంటుంది. "పేరుదేముందమ్మా, తర్వాతి పాటకి వేద్దాం" అంటూ ఎండీగారు అప్పటికి మూడు పాటలు పాడించుకున్నారు.

జాకియా తల్లి జైబున్నీసాగారు "అది మా పిల్ల పాటే" అని వీధిలో చెబితే, "టీవీలో వేరే పేరు పడిందిగా" అని నవ్వారట. ఆవిడ చెప్పడం మానేశారు.

"రాంబాబన్నా, మా అమ్మ కోసమన్నా ఒక్కసారి నా పేరెయ్యవా?" అని జాకియా నన్ను అడిగింది.

"ఎండీగారు తిడతారమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

అవార్డుల సభ సాయంత్రం ఐదింటికైతే, భవానీప్రసాద్‌గారు పిలవకుండానే మూడింటికి ఫంక్షన్ హాలుకి వచ్చేశారు. చేతిలో కాగితం. ఎదురైన ప్రతివాళ్ళనీ పేరేంటి, నువ్వేం చేశావు అని అడిగి రాసుకోవడమే పని.

"వచ్చారా! సరే, రెండే నిమిషాలండీ. లైవ్" అని ఎండీగారు దణ్ణం పెట్టారు. నా చెవిలో మాత్రం, "రెండు దాటితే మైకు కట్" అన్నారు.

నీళ్ళ సీసాలు సర్దుతున్న జాకియాని కూడా ఆయన అడిగారు. "నువ్వేం చేశావమ్మా?"

"నేనేం చెయ్యలేదు బాబాయ్‌గారూ."

పక్కనే తెర మీద పత్తిచేను పాట నడుస్తోంది. ఆయన పెన్ను ఆగింది. తెర వైపు చూశారు, జాకియా వైపు చూశారు, ఆ తర్వాత టైటిల్స్ వేసే నా వైపు చూశారు. నేను వైర్ల వైపు చూశాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. పొగ మిషను ఆగకపోవడంతో ఉత్తమ దర్శకుడు ఎవరికీ కనిపించలేదు. టీవీలో అంతా తెల్లగా కనబడేసరికి, కేబుల్ పోయిందని పదహారు ఫోన్లొచ్చాయి. ఉత్తమ డాన్సరుకి ఇస్తుంటే బహుమతి మీద రెక్కల బొమ్మ ఊడి అతని చేతికి వచ్చింది. అడుగు పీట ముఖ్య అతిథి చేతిలో ఉండిపోయింది. అది తనకి చేసిన సన్మానమనుకుని ఆయన ఇంటికి పట్టుకెళ్ళారు.

ఉత్తమ గాయని నీహారిక. జనం ఊరుకుంటారా? "రెండు లైన్లు పాడమ్మా!" అని అరిచారు.

"గొంతు పట్టేసిందండీ" అంది. పాపం, ఆ పిల్ల మొహం చూస్తే నిజంగానే పట్టేసినట్టుంది. చివరి వరసలో జైబున్నీసాగారు తల దించుకుని కూర్చున్నారు.

ఆఖరున భవానీప్రసాద్‌గారు. జనరేటరు నడిపిన బెన్నికి, కుర్చీలు వేసిన జాన్‌బాషాకి, సమోసాలకి, వాటిలో ఉల్లిపాయలకి. నిమిషం యాభై సెకన్లు. ఎండీగారు మెడ మీద అడ్డంగా వేలు గీసి చూపించారు. నా వేలు స్విచ్ మీదికి వెళ్ళింది.

"టైమైపోయినా, పైనుంచి చెప్పినా, మైకు కట్ చెయ్యని మా రాంబాబుకి ధన్యవాదాలు!"

హాలంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. అన్ని చప్పట్లు కొట్టించుకున్నాక ఇంకెలా నొక్కను? వేలు గాల్లోనే ఉండిపోయింది.

"పత్తిచేను పాటకి ఆడిన నీహారికమ్మకి ధన్యవాదాలు. పాడిన జాకియాకి ధన్యవాదాలు. చిల్లకల్లు నుంచి కాలేజీకి మూడేళ్ళు నా బస్సులో పాడుకుంటూ వచ్చిందండీ. ఆ గొంతు నాకు తెలీదా? మీకు మాత్రం తెలీదా, రోజూ కంప్లైంట్ రాసుకునే గొంతేగా! రేపట్నుంచి టైటిల్స్‌లో ఈ అమ్మాయి పేరు వెయ్యబోతున్న కిషోర్‌బాబుగారికి ముందస్తు ధన్యవాదాలు!"

కెమెరా ఎండీగారి మీదికి తిరిగింది. లైవ్‌లో ఇంకేం చేస్తారు? లేచి నమస్కారం పెట్టారు.

నీహారికే కిందికి దిగి జాకియాని చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకొచ్చింది. "అక్కా, ఇది నువ్వు పట్టుకో. ఇందాకట్నుంచి నేను మొయ్యలేకపోతున్నా" అని బహుమతి ఇచ్చేసింది. జాకియా రెండు లైన్లు కాదు, పాటంతా పాడింది. జైబున్నీసాగారు కుర్చీ ఎక్కి నిలబడి, పాట వినడం మానేసి, తమ వీధివాళ్ళు ఎవరెవరు వచ్చారో వెతుకుతున్నారు.

సభ అయ్యాక ఆయన్ని బండి మీద ఇంటి దగ్గర దింపాను. "నేను కట్ చేసేవాణ్ణేనండీ" అని ఒప్పేసుకున్నాను.

ఆయన జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. మూడింటికి రాసుకున్నదే. జాకియా పేరుకి ముందు లైన్లో ఉంది: 'రాంబాబు, మైకు కట్ చెయ్యనందుకు.'

"తెలుసోయ్. అందుకే ముందే చెప్పేశా. రైట్ రైట్ అనేముందు ఒకసారి వెనక్కి చూడాలి. ఎవరో ఒకళ్ళు పరిగెత్తుకొస్తుంటారు."

గుమ్మంలో భారతీదేవిగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"టీవీ ముందే కూర్చున్నా. ఉల్లిపాయలక్కూడా చెప్పారు. నా పేరేదీ?"

భవానీప్రసాద్‌గారు గొంతు సవరించుకున్నారు. నేను చెప్పులు విడిచి మెట్ల మీద కూర్చున్నాను. ఈసారి టైము చూడలేదు.