రేపు రమ్మన్నారుగా, వచ్చానండీ

మా బావకి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. సగం సగం కాదు, నిలువునా నమ్మేస్తాడు. రోగి గుండ్రాయిలా ఉండి, చుట్టూ ఉన్నవాళ్లు మంచం పట్టే జబ్బు నేను చూసినంతలో ఇదొక్కటే.

నా చూపుని శంకించకండి. ఊరి బడిలో ఎనిమిదో తరగతితో చదువాపినా, పాల సంఘానికి మూడు దఫాలు అధ్యక్షుడిగా నెగ్గినవాణ్ణి. పెద్దాఫీసు మెట్ల మీద బైఠాయించి మా ఊరి రోడ్డుకి కంకర పోయించినవాణ్ణి. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే ఎంత బరువో చెప్పేస్తాను. అలాంటి నాకే మా చెల్లెలి మొగుడు ఇన్నేళ్లూ అంతుబట్టలేదు. ఏం చెప్పినా "సరేనండీ" అంటాడు గనక బంధువుల్లో ఆయన పేరు సరే బావ. పిల్లలకి సరే బాబాయి, సరే మామయ్య.

ఒకసారి చెప్పుల కొట్టువాడు "తీసుకోండి సార్, జన్మంతా మన్నుతాయి" అన్నాడు. ఏడాది తిరక్కుండా పట్టీ తెగింది. మా బావ కొట్టుకెళ్లి, తెగిన చెప్పు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ?"

"నేనింకా బతికే ఉన్నానండీ."

కొట్టువాడు ఆ చెప్పుని తిప్పి తిప్పి చూశాడు. చివరికి కొత్త జత తీసిచ్చాడు. ఏం చేస్తాడు మరి? ఎదుటివాడి గొంతులో వెటకారం ఉంటే దెబ్బలాడొచ్చు. మా బావ గొంతులో అది మందుకైనా ఉండదు.

ఇంకోసారి ఏదో పెళ్లిలో దూరపు చుట్టం మర్యాదకి అన్నాడు, "మా ఇంటికి ఓసారి రండి, నాల్రోజులుండి వెళ్దురుగాని" అని. మర్నాడు పొద్దున్నే బావ సంచీతో వాళ్ల గుమ్మంలో దిగాడు. ఆ ఇల్లాలు తలుపు చాటున మొగుణ్ణి ఎన్ని మాటలందో మనకి తెలీదు గానీ, ఉన్న నాల్రోజుల్లో ఈయన వాళ్లింట్లో చిరిగిన దిండు గలీబులు, ఊడిన గుండీలు, వదులైన లాగులు అన్నీ బాగుచేసి పెట్టాడు. ఇంకో నాల్రోజులుండమని ఆవిడే బతిమాలింది. "లేదమ్మా, నాల్రోజులనే కదా చెప్పారు" అని వచ్చేశాడు.

బావది టైలరు పని. బజారు వీధిలో చిన్న గది. ఈయన కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తే, మా చెల్లెలు మిషను మీద కుడుతుంది. కాలితో తొక్కే పాత మిషను అది, చెల్లెలి సొంతం. నడుస్తుంటే దాని చప్పుడు విని దారం ఎప్పుడు తెగబోతోందో చెప్పేది. వేరే మిషను ముందు కూర్చోబెడితే, పొరపాటున పక్కింటి బిడ్డని ఎత్తుకున్నట్టు ముఖం పెట్టేది.

ఆ గది మీద ఇంటి ఓనరు కన్ను పడింది. అల్లుడి చేత ఫోన్ల కొట్టు పెట్టించాలని. ఖాళీ చెయ్యమన్నాడు. గడువు ఇంకా ఉందని మా చెల్లెలు కుదరదంది. ఒకరోజు వీళ్లిద్దరూ ఊరెళ్లి తిరిగొచ్చేసరికి వీళ్ల తాళం స్థానంలో ఎవరిదో కొత్త తాళం. కిటికీలోంచి చూస్తే గుడ్డలున్నాయి, బల్ల ఉంది, మిషను లేదు.

"ఏ మిషను?" అన్నాడు ఓనరు, పళ్లు కుట్టుకుంటూ. "నేనెప్పుడూ చూళ్లేదే!"

నాకు కబురొచ్చింది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగాను. "పదండి స్టేషనుకి, నేను మాట్లాడతాను" అన్నాను.

అక్కడ హెడ్డు కానిస్టేబులు ఉన్నాడు. భారీ మనిషి. కుర్చీ ఆయన్ని మోస్తోందో, ఆయనే కుర్చీని పట్టుకు నిలబెడుతున్నాడో తెలీదు. నేను గొంతు సవరించుకున్నాను.

"నేనెవరో తెలిసినట్టు లేదు. మూడు దఫాలు పాల సంఘం..."

"పాలా? వద్దండీ, మాకు పోసేవాడున్నాడు."

నా జీవితంలో అంత చిన్న వాక్యానికి అంత లోతుగా దిగబడ్డం అదే మొదలు. హెడ్డు మా బావవైపు తిరిగాడు. "కాగితం ఇచ్చి వెళ్లండి. రేపు రండి."

"సరేనండీ" అన్నాడు బావ.

బయటికొచ్చాక అన్నాను: "బావా, పోలీసులు రేపు రమ్మన్నారంటే రావద్దని."

"రావద్దనుకుంటే రావద్దనే అంటారు కదండీ బావగారూ. ఆయన శుభ్రంగా రమ్మన్నారు."

వెళ్లాడు. "రేపు రమ్మన్నారుగా, వచ్చానండీ." మళ్లీ రేపన్నారు. మళ్లీ వెళ్లాడు. అలా వెళ్తూనే ఉన్నాడు. తల దువ్వుకుని, మెళ్లో కొలతల టేపు వేసుకుని, కొత్త పెళ్లికొడుకులా నవ్వుముఖంతో. కొన్నాళ్లకి హెడ్డుకి రేపు అనే మాటంటేనే దడ పట్టుకుంది. సాకులు మార్చాడు.

"జీపు రిపేర్లో ఉందండీ. అదొస్తే గానీ మీ వీధికి రాలేం."

బావ తిన్నగా మెకానిక్ షెడ్డుకెళ్లాడు. జీపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మెకానిక్కు పక్క బండి మీద చెయ్యి వేస్తే చాలు, "జీపండీ..." అనేవాడు మెత్తగా. ఊరికే కూర్చోలేక చిరిగిన సీట్లకి కొత్త గుడ్డ కూడా కుట్టాడు, చేత్తోనే. మెకానిక్కు తట్టుకోలేక పని ముగించి జీపుతో పాటు ఈయన్ని కూడా స్టేషను ముందు దింపేశాడు.

"జీపొచ్చిందండీ" అన్నాడు బావ, దిగుతూ.

హెడ్డు జీపు చూశాడు, సీట్లు చూశాడు, నెత్తి పట్టుకున్నాడు. "మనుషులు లేరండీ. కొత్త కానిస్టేబులు రావాలి."

కొత్త కానిస్టేబులు బస్సు దిగేసరికి మా బావ ఎదురుగా నిలబడి ఆయన పెట్టె అందుకున్నాడు. "రండి బాబూ, మీకోసమే చూస్తున్నాం. మీరొస్తే మా మిషను దొరుకుతుందని హెడ్డుగారు చెప్పారు." ఆ కుర్రాడికి ఉద్యోగంలో అంత గౌరవం మళ్లీ దక్కి ఉండదు.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ, ఇంటి దగ్గర నవ్వు లేదు. చెల్లెలు పగలంతా గుమ్మంలో కూర్చుని చేత్తో కుట్టేది. వేళ్ల నిండా సూదిపోట్లు. సగం మంది ఖాతాదారులు గుడ్డ వెనక్కి పట్టుకెళ్లిపోయారు. "ఇంకో మిషను కొనిపెడతానే" అన్నాను.

"ఎందుకన్నయ్యా? నాకో మిషను ఉంది. అది ఎక్కడుందో చెప్పాల్సినవాళ్లు జీతం తీసుకుంటున్నారు" అంది. మా ఇంటి ఆడపిల్ల మరి!

అసలు సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఓనరూ, ఎస్సైగారూ ఒకే క్లబ్బులో పేకాడతారు. అందుకని కోర్టుకెళ్లాం. జడ్జిగారు కాగితాలు చదివి, కేసు కట్టి దర్యాప్తు చెయ్యండి, ఫలితం నాకు చెప్పండి అని ఉత్తర్వు ఇచ్చారు. బావ ఆ నకలుని శుభలేఖలా రెండు చేతులతో పట్టుకెళ్లి హెడ్డుకిచ్చాడు.

"ఇలా చేతికిస్తే చెల్లదండీ. టపాలో రావాలి."

"సరేనండీ" అని పోస్టాఫీసుకి వెళ్లి, కవరు వచ్చేదాకా పోస్టుమాను వెంట వీధులన్నీ తిరిగి, ఆయనతో కలిసే స్టేషనులోకి అడుగుపెట్టాడు.

వాయిదా వచ్చింది, పోలీసులు రాలేదు. జడ్జిగారు ఇంకో ఉత్తర్వు వేశారు, కాస్త ఘాటుగా. అప్పుడు హెడ్డు మా బావని పిలిచి గంభీరంగా చెప్పాడు: "దర్యాప్తు మొదలైందండీ. ఏ క్షణమైనా మీ కొట్టు దగ్గరికి వస్తాం. ఇంక మీరు స్టేషనుకి రానక్కర్లేదు."

పీడ వదిలిందనుకున్నాడు పాపం. మా బావ ఇంటికొచ్చి ఒక కుర్చీ, ఒక మంచినీళ్ల కూజా తీసుకెళ్లి తాళం వేసిన కొట్టు ముందు పెట్టాడు. కుర్చీలో తను కూర్చోలేదు. పక్కన నిలబడ్డాడు. దారే పోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఎవరికండీ కుర్చీ?"

"పోలీసువారికి. ఏ క్షణమైనా వస్తారు. దర్యాప్తు జరుగుతోంది."

"దేని మీద?"

"మిషను మీదండీ." అక్కణ్ణుంచి కథంతా మళ్లీ మొదట్నించి.

వీధి వీధంతా కథ నోటికొచ్చేసింది. ఎండలో నిలబడ్డాడు, వానలో గొడుగు కుర్చీకి పట్టి తను తడిశాడు. ఓనరు ఉండబట్టలేక వచ్చాడు.

"ఎన్నాళ్లయ్యా ఈ వేషాలు? ఎవడూ రాడు. నాకు తెలుసు."

"మీకెలా తెలుసండీ?" అన్నాడు బావ, నిజంగా తెలుసుకుందామనే. చుట్టూ మూగినవాళ్లు కూడా అదే ప్రశ్నతో ఆయనకేసి చూశారు. ఓనరు పళ్లు కుట్టుకోవడం మర్చిపోయి చక్కా పోయాడు. ఆ తర్వాత అల్లుడు ఆ గదే వద్దన్నాడట.

ఇంకో వాయిదా. ఈసారి హెడ్డు వచ్చాడు, నివేదికతో. మా వకీలు దాన్ని చదువుతూ చదువుతూ ఎర్రబడ్డాడు. అందులో ఏముందంటే, ఫిర్యాదుదారు సహకరించలేదు, ఎన్నిసార్లు వెళ్లినా కనబడలేదు!

నాకు ఒళ్లు మండింది. కనబడకపోవడమా? ఆ స్టేషను గోడకున్న క్యాలెండరు కన్నా మా బావే ఎక్కువ కనబడ్డాడు! వకీలు చెవిలో గుసగుసలాడాడు: "అబద్ధమని ఒక్క మాట చెప్పండి చాలు. కోర్టుని మోసం చేసినందుకు ఈయన ఉద్యోగం ఇవాళే ఊడుతుంది." నేను వెనకనుంచి బావ చొక్కా లాగుతూనే ఉన్నాను. హెడ్డు చెమటలు కక్కుతున్నాడు. నివేదిక రాయించిన ఎస్సైగారు మాత్రం కోర్టు దరిదాపుల్లో లేరు.

జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "మీరేమంటారు?"

బావ చేతులు జోడించాడు. "హెడ్డుగారు వస్తానన్నారండీ. వస్తారు. పని ఒత్తిడిలో కుదర్లేదు. ఆయనకి ఇంకొక్కరోజు ఇప్పించండి."

జడ్జిగారు నివేదిక మూసి హెడ్డుకేసి చూశారు. "వస్తానన్నారా?"

"అన్నానండీ" అంది హెడ్డు గొంతు, ఎక్కడో నేలమాళిగలోంచి.

"అయితే రేపు వెళ్లండి. మిషను వాళ్లకి అప్పగించి నాకు చెప్పండి. ఈ నివేదిక సంగతి మీ ఎస్సైని పిలిచి ఆయన్నే అడుగుతాను."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు హెడ్డు. ఎస్సైని అడగలేదు, జీపు కోసం చూడలేదు, నడిచే వచ్చాడు. ఓనరు చేత కొట్టు తాళం తీయించి, ఆయన ఇంటి వెనక గోదాము కూడా తెరిపించాడు. గోనెసంచుల కింద ఉంది మిషను. కూలివాణ్ణి పిలుద్దామంటే వినకుండా, ఒక పక్క తనూ ఒక పక్క బావా పట్టుకుని వీధిలోంచి మోసుకొచ్చారు. కొట్టు గుమ్మం దాటించేటప్పుడు ఆ బరువుకి హెడ్డు ఖాకీ చొక్కా భుజం దగ్గర పర్రుమని చిరిగింది. ఆయన పట్టించుకోలేదు. మిషను దించి, రొప్పుతూ నిలబడి అడిగాడు:

"ఇన్నాళ్లూ నా మాట నిజంగానే నమ్మారా మీరు?"

మా బావ "సరేనండీ" అనకుండా అంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదటిసారి. నేను అక్కడే ఉండి విన్నాను.

"లేదండీ. మొదటిరోజే తెలుసు. నేను టైలర్ని కదండీ, ఎంతమందికి రేపు రమ్మని చెప్పి ఉంటాను! చెయ్యనని చెప్పడానికి మనసు రాకే కదా రేపంటాం. మనసులో చెయ్యాలనే ఉంటుంది, చెయ్యి ఇంకెక్కడో ఇరుక్కుని ఉంటుంది. మీరు మొదటిరోజే పొమ్మని కసిరి ఉంటే నేనెవరితో చెప్పుకోను? పొమ్మనలేదు మీరు. మీలాంటి మనిషిని అబద్ధాలకోరని నలుగుర్లో నిలబెట్టేస్తే, ఇంక ఆ మనిషి ఎవరికోసం తన మాట నిజం చేస్తాడండీ?"

హెడ్డు టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. బావ తల వంచుకుని మిషను మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. మూడు దఫాలు అధ్యక్షుడిగా నెగ్గిన నేను కూడా ఓ గుడ్డపేలిక అందుకుని బావ పక్కన వంగాను.

మా చెల్లెలు ఇద్దర్నీ పక్కకి జరిపింది. దారం ఎక్కించి, సూది సరిచూసి, మిషను ముందు సర్దుకుని కూర్చుంది. హెడ్డుకేసి చెయ్యి చాపింది.

"ఆ చొక్కా ఇలా ఇవ్వండి."

"అబ్బే, పర్లేదమ్మా..."

"ఇవ్వండంటుంటే! భుజం చింపుకుని స్టేషనుకి పోతే, ఎవరితో కొట్లాడొచ్చారో అని మీ మీదే కేసు కడతారు."

హెడ్డు చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. గుమ్మం ముందు వీధంతా మూగింది. అన్నాళ్ల తర్వాత మిషను టకటకమంటూ పరిగెత్తింది. చెల్లెలు దారం పంటితో తెంపి, చొక్కా దులిపి అందించింది.

"ఏం ఇవ్వక్కర్లేదు. అబద్ధాలాడ్డం మాత్రం ఆపండి. మా ఆయన ఓర్చుకుంటాడు గానీ, నేనైతే కుట్టు విప్పేస్తాను."

హెడ్డు చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పైదాకా పెట్టుకుని, టోపీ సరిచేసుకున్నాడు. మా చెల్లెలి ముందు అటెన్షనులో నిలబడి టపీమని సెల్యూట్ కొట్టాడు. కొత్త కుట్టు ఎక్కడా చిట్లలేదు.