జుబీర్ బాబాయ్ కారు దీపాలు

మా జుబీర్ బాబాయ్ ఎవరి మాటైనా కాదంటాడేమో గాని, కారులో స్టీరింగ్ వెనక వెలిగే దీపాల మాట మాత్రం జవదాటడు. ఒకసారి పక్క సీట్లో పుచ్చకాయ పెడితే బెల్టు దీపం వెలిగింది. పుచ్చకాయకి బెల్టు పెట్టి, ఇల్లు చేరేదాకా దాన్ని జాగ్రత్తగా చూసుకున్నాడు.

సొంత బాబాయ్ కాదు. సెతీఫ్ ఊళ్లో మా బిల్డింగులోనే కింది అంతస్తు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆ ఏడు చలి ముదిరిన దగ్గర్నుంచీ ఆయన కారు రోజుకో కొత్త రోగం చెప్పసాగింది.

మొదట బ్రేకు దీపం. అమ్మా, నేనూ బజారు నుంచి ఆయన కారులో వస్తున్నాం. పల్లపు రోడ్డు మొదట్లో ఆపేశాడు.

"దిగండి. బ్రేకులు లేవంటోంది."

"మరిప్పుడు దేంతో ఆపావు బాబాయ్?"

"అది వేరే విషయం," అన్నాడు.

రవ్వ బస్తా మోసుకుంటూ మేం నడిచాం. ఆయన కారుని మా పక్కనే నత్తలా నడిపిస్తూ, కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కడ బురదుంది, చూసుకుని నడవండి," అని మర్యాదగా హెచ్చరిస్తూ వచ్చాడు.

తర్వాత ఎయిర్‌బ్యాగు దీపం. అది పనిచెయ్యదని కారు చెప్పింది కాబట్టి, ఎక్కినవాళ్లందరికీ తలా ఒక దిండు. మా నాన్న గుండెలకి గులాబీ పూల దిండు హత్తుకుని ముందు సీట్లో ఊరంతా తిరిగాడు. నాన్న ఆఫీసువాళ్లు చూశారు. ఇప్పటికీ ఆయన్ని అక్కడ "నిద్రొస్తోందా" అని పలకరిస్తారు. ఇంకోరోజు తలుపు తెరిచి ఉందన్న దీపం. తలుపు శుభ్రంగా మూసే ఉంది. అయినా ఊరు దాటేదాకా నేను దాన్ని రెండు చేతుల్తో లోపలికి లాగి పట్టుకోవలసి వచ్చింది.

"బ్యాటరీ నీరసించిందేమో బాబాయ్. ఒక్కసారి బానెట్ తెరిచి చూద్దాం," అన్నాను.

అంత మెత్తని మనిషీ ఉరిమాడు. "కొత్త బ్యాటరీ. కొన్నరోజు నువ్వే కదా దుకాణం నుంచి మోసుకొచ్చావు? బానెట్ మీద చెయ్యి వేశావంటే నీకూ నాకూ మాటల్లేవు."

ఇంతలో మా అక్క లమియా పెళ్లొచ్చింది. బాబాయ్ కారులో తప్ప అత్తారింటికి వెళ్లనని అది చిన్నప్పుడే ప్రకటించింది. ఎంతమంది చెప్పినా వినలేదు. కారుకి రిబ్బన్లు కట్టాం. వెనక హారన్లు మోగిస్తూ చుట్టాల కార్లు, ముందు డప్పులు. అవతల పెళ్లికొడుకు తల్లి పాలూ ఖర్జూరాలూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తీరా పోస్టాఫీసు చౌరస్తా మధ్యకి వచ్చేసరికి దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే టకటకమంది తప్ప కదల్లేదు.

తెల్లగౌను మీద దిండు పెట్టుకుని కూర్చున్న లమియా నిదానంగా అంది: "బాబాయ్, నేను పెళ్లి ఇవాళే చేసుకుందామనుకుంటున్నాను."

ట్రాఫిక్ నాలుగువైపులా ఆగింది. డప్పులవాళ్లకి ఏం చెయ్యాలో తోచక, కదలని కారు చుట్టూ తిరుగుతూ వాయించారు. నేనిక ఆగలేదు. దిగి బానెట్ ఎత్తాను. బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు గాని, అప్పటికే చూసేశాను. లోపల పాతబడిన బ్యాటరీ, దాని మీద ఎర్రటి గోళ్లరంగుతో 'వర్దియా' అని రాసి ఉంది.

వర్దియా అత్త మా పై అంతస్తులో ఉండే మంత్రసాని. గొడుగు మీదా గిన్నెల మీదా, కనిపించిన ప్రతిదాని మీదా పేరు రాసుకుంటుంది.

"ఇది అత్త కారుది కదా?"

"మెల్లిగా," అన్నాడు బాబాయ్. "వెనకే తన కారులో ఉంది, వింటుంది. ఆమధ్య మంచు పడ్డప్పుడు ఆవిడ కారు స్టార్టవలేదు. కాన్పుకి మంచులో నడిచి వెళ్లింది. నేను కొనిస్తానంటే ఒప్పుకుంటుందా? ఎవరింట్లోనూ కాఫీ కూడా ఊరికే తాగదు. కారు తాళం మా ఇంట్లో ఇచ్చి కూతురి దగ్గరికి వెళ్లిన పూట, నా కొత్తది అందులో పెట్టి, దీన్ని నేను తెచ్చుకున్నా. ఛార్జి చేసుకుంటూ నెట్టుకొస్తున్నా."

"మరి ఆ దీపాలు?"

"అన్నీ ఉత్తవే. కరెంటు చాలకపోతే లోపలి యంత్రాలకి ఒకదాని కబురు ఒకదానికి అందదు. బ్రేకు పోయింది, తలుపు పోయింది అని గోల పెడతాయి. కరెంటాఫీసులో చేసినవాణ్ణి, నాకు తెలీదా?"

"తెలిసీ మమ్మల్ని నడిపించావా? నాన్నకి దిండిచ్చావా?"

"బ్యాటరీ అని ఒప్పుకుంటే కొత్తదేమైందని అడగరూ? వేషం వేశాక పూర్తిగా వెయ్యాలి కదమ్మా."

నేను గబుక్కున బానెట్ దించేశాను. అప్పటికే వర్దియా అత్త తన కారుని మా పక్కకి తెచ్చి నిలిపింది.

"జరగండి. పిల్లని ఇందులో ఎక్కించండి."

రిబ్బన్లు విప్పి ఆ కారుకి కట్టాం. గౌను మొత్తం వెనక సీట్లో కుక్కాం. అత్త తాళం తిప్పింది. కారు గుర్రంలా లేచింది.

అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది. "చూశావా జుబీర్? ఏడేళ్ల బ్యాటరీ ఇది. ఊరికే కొత్తవి కొంటే సరా? వస్తువుని చూసుకోవడం తెలియాలి."

బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిజమే అక్కా. ఏం చేస్తావో కాస్త నాకూ నేర్పు."

"తీరిగ్గా చెప్తాలే."

"అత్తా, పాలు చల్లారిపోతాయి," అంది వెనక నుంచి లమియా.

డప్పులు ముందు, హారన్లు వెనక, ఊరేగింపు వెళ్లిపోయింది. చౌరస్తా మధ్య మేమిద్దరం, ఆ కారూ మిగిలాం. నేను నెట్టడానికి వెనక్కి వెళ్లాను. బాబాయ్ మాత్రం ఇంకా అత్త కారు వెళ్లినవైపే చూస్తున్నాడు. మొహమంతా వెలిగిపోతోంది.

"విన్నావా అమ్మాయ్," అన్నాడు, "ఒక్క తిప్పుకే అందుకుంది."