పద్మలత మాట్లాడని మీటింగులు

తమ్ముడు పోయాక కూడా పద్మలత క్లాసులు మానలేదు. మానెయ్యమని ఎవరైనా చెప్పి ఉంటే మానేసేదేమో. స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఆ ఇంట్లో అప్పుడు ఎవరికీ ఏదీ చెప్పే ఓపిక లేదు.

అక్కాతమ్ముళ్లిద్దరూ సివిల్ డిప్లొమా చేశారు. సాగర్ జనగామలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ చూసుకునేవాడు. పద్మలత భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టల్ భవనం కడుతున్న ఒక కంపెనీ సైట్ ఆఫీసులో పనిచేసేది. వారాంతాల్లో హైదరాబాదులో కమర్షియల్ మేనేజ్‌మెంట్ కోర్సు చెబుతారని కనిపెట్టింది సాగరే. కట్టే పనిలో ఎవరు ఎవరికి ఏం ఒప్పుకున్నారు, పని ఆలస్యమైతే ఆ తప్పు ఎవరి మీద పడుతుంది, పేచీ వస్తే ఎదుటివాళ్లతో ఎట్లా మాట్లాడాలి, ఇదీ అందులో చదువు.

"కట్టుడు నేను చూస్తనే అక్కా. కాగితాలు, మాట్లాడుడు నువ్వు చూడు. రెండేండ్లల్ల మనమే సొంతంగ పెట్టుకుందం" అన్నాడు సాగర్.

"నాకు మాట్లాడరాదు గదరా."

"గందుకే నేర్చుకుందమంటున్న."

కొన్ని క్లాసులకే ఇద్దరూ కలిసి వెళ్లారు. ఒక సాయంత్రం జనగామ నుంచి బండి మీద ఇంటికొస్తూ, వెనక లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపి ఉంచిన లారీని సాగర్ గుద్దుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయేదాకా కూడా ఉండలేదు.

దినాలు అయ్యాక వచ్చిన శనివారం తెల్లవారి పద్మలత లేచి తల దువ్వుకుని సంచి భుజానికి తగిలించుకుంది. మోటర్లకు వైండింగు చేసే తండ్రి రాజయ్య ఎక్కడికని అడగకుండా స్టేషన్ దగ్గర దింపి వచ్చాడు. ఆ రోజు సార్ ఏం చెప్పాడో ఆమెకు తర్వాత గుర్తులేదు. చెప్పిందంతా రాసుకుని మాత్రం వచ్చింది.

ఇంట్లో తల్లి ఓదెమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. కూతురి కళ్లు పొడిగా ఉండటం చూసి ఆమెకు భయం పట్టుకుంది.

"జర ఏడ్వవే బిడ్డా. గట్ల ఉంటే ఎట్ల?"

"వస్తలేదవ్వా" అంది పద్మలత. నిజంగానే రావడం లేదు. అన్నం పెడితే తినేది. బస్సు వస్తే ఎక్కేది. ఎవరైనా నవ్వితే తనూ కాస్త ఆలస్యంగా నవ్వేది. లోపల ఏముందో చూద్దామంటే సున్నం వేసిన గోడలా ఉండేది.

కోర్సులో బేరసారాల పాఠం చెప్పింది బిక్షపతి సార్, రిటైరయిన ఇంజనీరు. పాఠమయ్యాక విద్యార్థులను రెండు పక్షాలు చేసి ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. కిటికీల పని ఆలస్యమైన కాంట్రాక్టరుగా ఒక కుర్రవాడు, కట్టించే కంపెనీ తరఫున పద్మలత. కుర్రవాడు తన వాదన చెప్పి ఆగాడు. పద్మలత అతని వంక చూస్తూ కూర్చుంది. ఏమనాలో ఆమెకు తోచలేదు, తోచాలని కూడా అనిపించలేదు. అతను కదిలాడు, దగ్గాడు, ఒక మెట్టు దిగాడు. ఆమె చూస్తూనే ఉంది. ఇంకో మెట్టు దిగాడు. చివరికి అడగనివి కూడా ఒప్పుకున్నాడు.

"చూసిండ్రా" అన్నాడు బిక్షపతి సార్ మిగతావాళ్లతో. "నోరు తెరవకుండ ఎట్ల గెలవాల్నో గీ అమ్మాయిని చూసి నేర్చుకోండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. పద్మలత తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

సైట్‌లోనూ అదే జరిగింది. గచ్చురాళ్లు సరఫరా చేసే వ్యాపారి రేటు పెంచమని వచ్చినప్పుడు ప్రాజెక్టు మేనేజరు రాకేశ్ వేరే ఫోనులో ఉన్నాడు. ఆ వ్యాపారి పద్మలత ముందు కూర్చుని తనతో తనే వాదించుకుని, పాత రేటుకే ఒప్పుకుని లేచిపోయాడు. అప్పటి నుంచి రాకేశ్ ప్రతి మీటింగుకూ ఆమెను పక్కన కూర్చోబెట్టుకోసాగాడు. మనుషులు ఆమె ముఖం చూసి తడబడేవాళ్లు. రాకేశ్ పైవాళ్లకు ఆమె గురించి గొప్పగా చెప్పాడు, జీతం పెంచించాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పాలని ఆమెకు వారం దాకా తట్టలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మోతీబాయి వచ్చింది. కొత్తగూడ వైపు తండా మనిషి, యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక అతని మేస్త్రీ పని తనే నెత్తికెత్తుకుని, తండా వాళ్లను కూడగట్టి హాస్టల్ వెనక బ్లాకు ప్లాస్టరింగు గుత్తకు పట్టింది. పని సగంలో ఆగింది. ముఠా అంతా మిరపకాయ ఏరడానికి మరిపెడ వైపు వెళ్లిపోయింది. గుత్త రద్దు చేసి వేరే వాళ్లకు ఇవ్వాలని రాకేశ్ నిర్ణయించాడు.

"నువ్వు కూసో, చాలు. ఆమెనే ఒప్పుకుంటది" అని పద్మలతకు చెప్పి పై అంతస్తు చూడటానికి వెళ్లాడు.

మోతీబాయి కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఉసికె లేకపాయె మేడం. మూడు వారాలు చూసినం. ఉత్తగ కూసుంటే మావోళ్లు ఏం తింటరు? గందుకే మిరపకు పోయిండ్రు. ఉసికె వచ్చిందంటే తెల్లారే తోల్కొస్త."

పద్మలత చూస్తూ కూర్చుంది. అందరిలాగే ఈమె కూడా ఇంకొంచెం మాట్లాడుతుందని, తర్వాత తగ్గుతుందని ఆమెకు తెలుసు. మోతీబాయి మాట్లాడలేదు. తనూ చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"నీకు ఎవరు పోయిండ్రు బిడ్డా?"

పద్మలతకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక జవాబు దానంతటదే వచ్చింది.

"మా తమ్ముడు."

"ఎప్పుడు?"

"చలికాలం ముంగట."

మోతీబాయి తల ఊపింది. అయ్యో అనలేదు. "మా ఆయన పోయినప్పుడు నేను గిట్లనే ఉంటి. పొద్దంత సిమెంటు పూస్తుంటి. పూసిన గోడ నాకు కనబడకపోతుండె. చూసినోళ్లేమో నన్ను గట్టిదంటుండ్రి."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. కొన్ని రోజులకు గోడ కనబడ్డది" అని లేచింది. "ఉసికె ఎప్పుడొస్తదో చెప్పుండ్రి మేడం. నేను బయట కూసుంట."

ఆమె వెళ్లాక పద్మలత ఒప్పందం తీసి చదివింది. ఇసుక, సిమెంటు కంపెనీయే ఇవ్వాలని అందులో ఉంది. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. అడిగినవాళ్లు లేక చెప్పలేదు, అంతే. రాకేశ్ దిగి రాగానే చెప్పింది.

"ఉసికె మనం ఇయ్యలే సార్. ఆలస్యం మనదే. ఆమెను తీసేసేటందుకు లేదు."

"గవన్నీ ఎవరు చూస్తరు పద్మలతా?"

పని ఎంత వెనకబడిందో రాకేశ్ చెప్పాడు, పైవాళ్ల ఒత్తిడి గురించి చెప్పాడు. ఆమె వింటూ చూస్తూనే ఉంది. "సరే, ఉసికె తెప్పిస్త. గడువు పెంచినట్టు రాయి" అని విసుగ్గా బయటికి పోయాడు.

ఆ రాత్రి పడుకునే ముందు తను మంచి పని చేశానా అని ఆలోచించి చూసుకుంది. సంతోషమేమీ తగల్లేదు. పొరపాటు లేని లెక్క చేసినట్టు ఉంది, అంతే.

ఇసుక వచ్చింది. మోతీబాయి ముఠా ఉగాదికి ముందే దిగి, వెనక బ్లాకు పూర్తిచేసింది. కోర్సు ఫలితాలు వచ్చిన రోజు పద్మలత అక్కడే ఉంది. ఫోనులో చూసుకుని, పక్కన ఉన్నది మోతీబాయే కాబట్టి ఆమెకే చెప్పింది.

"పాసయిన అక్కా."

"మంచిగయింది. ఏం చేస్తవిగ?"

"తెల్వది. నేనూ మా తమ్ముడూ కలిసి కంపెనీ పెడుదమనుకున్నం."

"ఏం పేరు అనుకున్నరు?"

పేరు గురించి అక్కాతమ్ముళ్లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సాగర్ ఏ పేరు చెప్పి ఉండేవాడో పద్మలత ఊహించబోయింది, అందలేదు. ఇక అడగడానికి లేదని అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు.

"పేరు అనుకోలే" అంది.

మోతీబాయి పైపు తీసుకుని గోడకు నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. పద్మలత నీడకు జరిగి, తల్లికి ఫోను చేసింది.